మీటలు దించిన ఆదివారం

మా అక్క మొగుణ్ణి మా చర్చిలో అందరూ మైకన్న అనేవాళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళు హాల్లో వెనక గోడకి ఆనుకుని, సౌండు మెషీన్ ముందు కూర్చున్న మనిషి. సంఘంలో ఎవరి ముఖం ఎలా ఉంటుందో చెప్పమంటే తడుముకునేవాడు కానీ, ఎవరి వీపు ఎలా ఉంటుందో, ఎవరు ఏ పాటకి మెడ ఊపుతారో ఇట్టే చెప్పేవాడు.

నేను ఆయన బావమరిదిని. వారమంతా స్కూల్లో లెక్కలు చెప్తాను, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాను. ఇప్పటికీ వాయిస్తున్నాను. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. ఈ కథలో నేను మంచివాణ్ణనిపించుకునే చోటు ఎక్కడా లేదు.

బావకి రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసే చిన్న కొట్టుండేది. ఇప్పటికీ ఉంది. చిన్నప్పుడు తల్లి కొంగు పట్టుకుని చర్చికెళ్ళి, మీసాలొచ్చాక మానేసిన రకం. అలాంటివాడి కొట్టుకి ఒకరోజు పాత పాస్టరు గారు గొడుగు ఊపుకుంటూ వచ్చారు. మేమంతా ఆయన్ని అయ్యగారనే పిలిచేవాళ్ళం.

"వెనక బెంచీల్లో ముసలమ్మలకి నా మాట వినపడటం లేదు నాయనా. గొంతు పెంచే ఓపిక నాకు లేదు. ఏదైనా చూడు" అన్నారు.

బావ రెండు స్పీకరు పెట్టెలు, ఒక మైకు పట్టుకెళ్ళి బిగించాడు. ఆ ఆదివారం పాటలు బాగానే వినిపించాయి. తర్వాత అయ్యగారు మైకు ముందుకొచ్చి "ప్రార్థన చేద్దాం" అన్నారు. అంతే, మాట ఆగిపోయింది. పది సెకన్లు, ఇరవై సెకన్లు. బావ వైరెక్కడో తెగిందనుకుని బెంచీల కింద నుంచి మోకాళ్ళ మీద పాక్కుంటూ స్టేజీ దాకా వెళ్ళాడు. అక్కడ తలెత్తి చూస్తే అయ్యగారు కళ్ళు మూసుకుని, నోరు మూసుకుని నిలబడి ఉన్నారు. హాలంతా అలాగే ఉంది. ఆయన పెదవి విప్పడానికి రెండు నిమిషాలు పట్టింది.

ఆరాధన అయ్యాక బావ ఆయన దగ్గరికెళ్ళి, "వైరు పోయిందనుకున్నానండీ" అన్నాడు.

"వైరు బాగానే ఉంది. నేనే మాట్లాడలేదు."

"ఎందుకండీ?"

"ఎవరి ముందు నిలబడ్డామో తెలిసేదాకా మాట్లాడకూడదు కదా. ఆయన పరిశుద్ధుడు నాయనా. సంతకెళ్ళినట్టు వెళ్ళి అది కావాలి ఇది కావాలి అని మొదలుపెడితే, మనం మాట్లాడేది మనతోనే, ఆయనతో కాదు." అలా అని, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ అన్నారు. "నీ పెట్టెలు గుయ్ మంటున్నాయి, చూడు. పాడేటప్పుడు తెలియలేదు. ఆగితే తెలిసింది."

ఆ చిన్న ఫిర్యాదు బావని పట్టుకుంది. ఆ గుయ్ మనే చప్పుడు తియ్యడానికి ఆయనకి ఐదు నెలలు పట్టింది. శనివారం సాయంత్రాలు కొట్టు మూసి చర్చికి వెళ్ళేవాడు. ఫ్యాన్లకొచ్చే కరెంటు వేరు చేశాడు. వైర్లు మార్చాడు. బయట గోడ పక్కన నడుము లోతు గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ పోసి ఎర్త్ దించాడు. మాట వినిపించడం ఎంతసేపురా, అది ఎవడైనా చేస్తాడు, ఏమీ వినిపించకుండా చెయ్యడమే పని అనేవాడు నాతో.

చివరికి ఒక ఆదివారం అయ్యగారు ఆగినప్పుడు ఆ పెట్టెల్లోంచి ఏ చప్పుడూ రాలేదు. గోడ గడియారం వినిపించింది. ముందు బెంచీలో ఒక ముసలాయన ఊపిరి వినిపించింది.

"ఆ రోజు నాకు భయమేసిందిరా" అని చాలా ఏళ్ళ తర్వాత నాతో చెప్పాడు. "నాకెవరూ నరకం గురించి చెప్పలేదు, పాపివి అని వేలు పెట్టి చూపించలేదు. ఊరికే, గదిలో ఎవరో ఉన్నారనిపించింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా చేతులు ఎంత మురికిగా ఉన్నాయో అప్పుడే చూసుకున్నాను."

ఆ ఏడే బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ మరుసటి ఏడు మా అక్కని చేసుకున్నాడు.

అయ్యగారు ఒక పొద్దున కుర్చీలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ పోయారు. ఆయన తర్వాత వచ్చిన పాస్టరు గారికి ముప్పై దాటి ఉంటాయి. సన్నగా, చురుగ్గా ఉండేవాడు. చెడ్డవాడు అని నేను చెప్పను. ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆయనే వెళ్ళేవాడు. బాగా పాడేవాడు. ఐదేళ్ళలో జనం నాలుగింతలయ్యారు. పాత గోడలు పడగొట్టి పెద్ద హాలు కట్టారు. స్టేజీ మీద లైట్లు, రెండు వైపులా తెరలు, వెనక బావ కోసం నలభై మీటలున్న మిక్సరు. పైకి జరిపితే శబ్దం పెరిగే, కిందికి దించితే తగ్గే మీటలు. అది అట్టపెట్టెలోంచి తీసిన రోజు బావ పసిపిల్లవాణ్ణి తడిమినట్టు తడిమాడు. దాన్ని నడపడం ఆయనకి వారంలో వచ్చేసింది. పక్క ఊళ్ళ చర్చిల వాళ్ళు వచ్చి నేర్చుకుని వెళ్ళేవాళ్ళు. ఆ పొగడ్త ఆయనకి ఇష్టంగానే ఉండేది. నాకూ ఉండేది.

ప్రార్థనకి ముందు మౌనం రెండు నిమిషాల నుంచి ఒక నిమిషానికి, అక్కడి నుంచి అర నిమిషానికి వచ్చింది. తర్వాత ఒక ఆదివారం పాస్టరు గారు మమ్మల్నిద్దర్నీ పక్క గదిలోకి పిలిచాడు.

"అన్నా, ఆ గ్యాప్‌లో జనం ఫోన్లు తీస్తున్నారు. ఇళ్ళలో కూర్చుని ఫోన్లో లైవ్ చూసేవాళ్ళయితే మరీ. మనం ఆగగానే వెళ్ళిపోతున్నారు, ఎంతమంది చూస్తున్నారో తెర మీద సంఖ్య కనిపిస్తోంది కదా. తమ్ముడు మెల్లగా ఏదైనా వాయిస్తూ ఉంటే బాగుంటుంది."

బావ కాసేపు కార్పెట్ వైపు చూసి, "సరేనండీ" అన్నాడు. నేను అంతసేపు కూడా ఆగలేదు.

ఆ తర్వాత చెయ్యి సంగతి వచ్చింది. "నేను ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకున్నప్పుడు కొంచెం ఎకో పెంచండన్నా. అప్పుడు మాట లోపలికి దిగుతుంది."

దిగింది కూడా. పాస్టరు గారి చెయ్యి గుండె మీదికి వెళ్ళేది, గొంతు వణికేది. నేను కీబోర్డు మీద నాలుగు మెట్లు కలిపి నొక్కి పట్టుకునేవాణ్ణి, బావ వేలు మీటని ముప్పావు అంగుళం పైకి తోసేది. ఆ గొంతు హాలంతా పరుచుకునేది. జనం ఏడ్చేవాళ్ళు. నిజంగా ఏడ్చేవాళ్ళు, అందులో దొంగ ఏడుపు లేదు. ప్రార్థన మొదలైతే అంతమందిలో కళ్ళు తెరుచుకుని ఉండేది మేం ముగ్గురమే. పాస్టరు గారు నన్ను చూసేవాడు, నేను ఆయన్ని చూసేవాణ్ణి, బావ మా ఇద్దర్నీ చూసేవాడు. తొమ్మిదేళ్ళు అలా జరిగింది. పరిశుద్ధుడా, పరిశుద్ధుడా అని ఆయన ఎన్నోసారి అంటాడో, ఏసారికి ఏడుపు వస్తుందో మాకు తెలుసు. మూడోసారికి.

ఆ తొమ్మిదో ఏడు అక్కకి రొమ్ములో గడ్డ కనిపించింది.

పరీక్షలు చేసి ఆపరేషన్ చెయ్యాలన్నారు. ముందు రోజు మధ్యాహ్నం పాస్టరు గారు ఆసుపత్రికి వచ్చాడు. ఆరు మంచాల వార్డు. పక్క మంచం ఆవిడ పళ్ళెంలో చెంచా చప్పుడు చేస్తూ తింటోంది. పాస్టరు గారు అక్క తల దగ్గర నిలబడ్డాడు, బావ కాళ్ళ దగ్గర మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు, నేను కిటికీ దగ్గర. ఆయన ప్రార్థన మొదలుపెట్టాడు. పరిశుద్ధుడా అన్నాడు. రెండోసారి అన్నాడు. మూడోసారికి ఎడమ చెయ్యి గుండె మీదికి వెళ్ళింది, గొంతు వణికింది.

మైకు లేదు, స్పీకరు లేదు. ఆ గొంతు మామూలుగా, సన్నగా, పక్క మంచం చెంచా చప్పుడు కంటే చిన్నగా వినిపించింది. నేను బావ వైపు చూశాను. ఆయన కుడిచేతి చూపుడువేలు మంచం కమ్మీ మీద మెల్లగా ముందుకి జరిగింది. ముప్పావు అంగుళం.

ఆయన కూడా తన వేలు చూసుకున్నాడు. ఆ చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.

పాస్టరు గారు వెళ్ళాక వరండాలో బావ నన్ను ఆపాడు.

"ఆయనకి తెలియదురా. చెయ్యి దానంతటదే వెళ్ళింది. అబద్ధం ఆడుతున్నానని ఆయనకి తెలియనే తెలియదు."

"అబద్ధమని ఎందుకనుకుంటావు బావా? అలవాటు, అంతే" అన్నాను.

"నా పెళ్ళాం కోసం నేను ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాను. ఎప్పుడు తెరవాలా, ఆయన చెయ్యి ఎక్కడుందా అనే ఉంది. తొమ్మిదేళ్ళు నాతో ఎవరు మాట్లాడారో, నేనెవరితో మాట్లాడానో నాకు గుర్తే లేదు."

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ తర్వాత నాలుగు నెలలు మందులెక్కించారు. అక్క జుట్టు రాలింది, మళ్ళీ పొట్టిగా మొలిచింది. డాక్టరమ్మ ఇక ఫర్వాలేదంది. మరుసటి వారమే పాస్టరు గారు, దేవుడు చేసిన మేలు గురించి సంఘం ముందు సాక్ష్యం చెప్పమని అక్కని అడిగాడు.

అక్క అరపేజీ రాసుకుంది. ఆయన చదివి, ఆపరేషన్ సంగతి కొట్టేశాడు. "డాక్టర్లు చేసింది డాక్టర్లు చేశారమ్మా. మనం దేవుడు చేసింది చెప్దాం" అన్నాడు. అక్కకి అందులో తప్పేమీ కనిపించలేదు. ఇంటి నిండా తిరుగుతూ, పొయ్యి దగ్గరా, అద్దం ముందరా ఆ అరపేజీ వల్లించుకుంది. బావ ఆ కాగితం తీసుకుని చదివాడు.

"ఇందులో నీకు భయమేసినట్టే లేదు."

"స్వస్థత సాక్ష్యంలో భయం ఎందుకండీ? మీరు మరీను" అని నవ్వి కాగితం లాక్కుంది.

ఆ ఆదివారం అక్క స్టేజీ ఎక్కింది. రాసుకున్నది రాసుకున్నట్టే చెప్పింది. అక్కడితో దిగిపోవాల్సింది. దిగలేదు.

"ఇంకొక్కటి" అంది. "మత్తు ఇచ్చే ముందు నన్ను ఆ సన్న బల్ల మీద పడుకోబెట్టారు. ప్రార్థన చేద్దామనుకుంటే ఒక్క మాట రాలేదు. ఆయన పేరు కూడా రాలేదు. ఇన్నేళ్ళూ నేర్చుకున్నదంతా ఎటు పోయిందో. అప్పుడు..."

అప్పుడు ఆగింది. మాట వెతుక్కోవడానికి ఆగింది, అంతే. కానీ పాస్టరు గారు తడబడిందనుకున్నాడు. పక్కకి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, తన మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు. నేను మెట్లు నొక్కాను. హాలంతా కళ్ళు మూసుకుంది. పరిశుద్ధుడా అన్నాడు. పరిశుద్ధుడా అన్నాడు. ఎడమ చెయ్యి పైకి లేచింది.

మూడోది వినిపించలేదు. బావ ముంజేయి అడ్డంగా పెట్టి నలభై మీటలూ ఒక్కసారిగా కిందికి దించేశాడు.

నా కీబోర్డు మూగబోయింది. పాస్టరు గారి పెదవులు రెండు మూడు సార్లు కదిలి ఆగాయి. వెనక బావ లేచి నిలబడ్డాడు. చేతులు రెండూ పక్కలకి వదిలేసి, కళ్ళు మూసుకున్నాడు. తొమ్మిదేళ్ళలో ఆ హాల్లో ఆయన కళ్ళు మూసుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఆ మౌనం నలభై సెకన్లుంది. అందరూ మోకాళ్ళ మీద పడ్డారని, ఎవరికో దేవుడు కనిపించాడని చెప్పాలని నాకూ ఉంది. అలా జరగలేదు. కరెంటు పోయిందనుకుని జనం ఫ్యాన్ల వైపు చూశారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కుర్రాళ్ళు కొందరు వెనక్కి తిరిగి నవ్వారు. ఒకావిడ పక్కావిడతో కొడుకు ఉద్యోగం సంగతి మొదలుపెట్టింది. పాస్టరు గారు మైకు మీద వేలితో కొట్టి చూశాడు. నేనయితే సౌండు రాని మెట్లు నొక్కుతూనే ఉన్నాను, చేతులు ఖాళీగా కనపడకూడదని. ఒక్క క్షణం, ఒక్క క్షణం మాత్రం, నన్ను ఎవరో చూస్తున్నట్టనిపించింది. జనం కాదు. ఆ చూపు నేను భరించలేక తల దించుకుని మెట్లు లెక్కపెట్టుకున్నాను.

ఈలోపు సంఘం పెద్దల్లో ఒకాయన వెనక్కి పరిగెత్తి, ఏ మీట ఏమిటో తెలియక అన్నిటినీ ఒకేసారి పైకి తోసేశాడు. స్పీకర్లు కీచుమని అరిచాయి. ముసలమ్మలు చెవులు మూసుకున్నారు. చంటిపిల్ల ఒకతె గుక్కపట్టి ఏడ్చింది. అక్క మైకు కింద పెట్టి, మెట్లు దిగి, పక్క తలుపులోంచి ఇంటికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి ఇద్దరూ ముందు గదిలో ఉన్నారు. అక్క గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"నలభై మీటలున్నాయి కదండీ. ఏది ఎవరిదో మీకంటే బాగా ఎవరికీ తెలియదు. ఆయనది ఒక్కటే దించొచ్చుగా."

బావ తన అరచేతులు చూసుకున్నాడు.

"నా చేతిలో మైకుంది. ఆయన ప్రార్థన అయ్యాక మిగతాది చెప్పేదాన్ని. నా జన్మలో నేను నిజంగా చెప్పాలనుకున్నది అదొక్కటే. దాన్ని ముందు ఆయన నొక్కాడు, తర్వాత మీరు నొక్కారు."

"దేవుడి ఎదుట ఆ నాటకం ఇంక..."

"దేవుడి కోసం దించారా? పాస్టరు గారి మీద కసితో దించారా? ఆలోచించి చెప్పండి."

ఆలోచించాడు. చివరికి బావ "తెలియదు" అన్నాడు. అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మిగతా మాట ఏమిటో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నేను రెండుసార్లు అడిగాను. "పోయిందిలేరా" అంది.

మంగళవారం పాస్టరు గారు కొట్టుకి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. విప్పిన ఫ్యాను ఒకటి బల్ల మీద ఉంటే, దానికి అటు ఆయన, ఇటు బావ కూర్చున్నారు.

"నన్ను అవమానించారని నాకు బాధ లేదన్నా. కానీ జనం దేవుని సన్నిధిలోకి వెళ్ళే సమయంలో మీరు అడ్డుపడ్డారు."

"సన్నిధికి స్విచ్చి నా దగ్గరే ఉందా పాస్టరు గారూ?"

పాస్టరు గారు ఆ ఫ్యాను రెక్కని వేలితో ఒకసారి తిప్పాడు. నేను కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"మొదట్లో నిజంగానే వచ్చేవన్నా కన్నీళ్ళు. నేను ఆపుకోలేకపోయేవాణ్ణి. తర్వాత జనం వాటి కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. ఒక ఆదివారం రాలేదు. ఆ వారం ముగ్గురు వచ్చి, మీలో ఆత్మ అభిషేకం తగ్గింది పాస్టరు గారూ అన్నారు." లేచి నిలబడ్డాడు. "ఇక మీరు రెస్టు తీసుకోండన్నా. మెషీన్ ఎవరో ఒకరు చూసుకుంటారు."

బావ ఆయన్ని గుమ్మం దాకా సాగనంపాడు. ఇద్దరూ ఒకరికొకరు నమస్కారం పెట్టుకున్నారు. ఆ తర్వాత మాట్లాడుకోలేదు.

నేను మానేస్తాననే అనుకున్నాను. బావతో అన్నాను కూడా. ఆయన వద్దనలేదు, సరే అనలేదు. ఆ ఆదివారం వాయించే మనిషి దొరకలేదని కబురొస్తే వెళ్ళాను. మళ్ళీ ఆదివారమూ వెళ్ళాను. కొత్తగా వచ్చినతను పాస్టరు గారి చెయ్యి లేవకముందే ఎకో పెంచేస్తాడు. రెండు నెలల తర్వాత ధైర్యం చేసి, పాత అయ్యగారి మౌనం మళ్ళీ పెడదామండీ అన్నాను. పాస్టరు గారు వెంటనే ఒప్పుకున్నాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఒక నిమిషం పవిత్ర మౌనం ఉంది. తెర మీద అరవై నుంచి సున్నా దాకా అంకెలు తిరుగుతాయి, ఎంతసేపుండాలో జనానికి తెలియాలి కదా. కింద నేను మెల్లగా వాయిస్తాను.

అక్క ఆ చర్చికే వెళ్తుంది. ముందు బెంచీలోంచి మధ్య బెంచీకి మారింది. ఏటా పరీక్షల్లో ఏమీ లేదని వస్తోంది. బావ ఎక్కడికీ వెళ్ళడు. ఆదివారం పొద్దున కొట్టు సగం తలుపు దించి లోపల కూర్చుంటాడు. ఏం చేస్తావు బావా, ప్రార్థన చేస్తావా అని ఒకసారి అడిగాను.

"కూర్చుంటాను."

"అప్పటిలా, ఎవరో ఉన్నట్టనిపిస్తుందా?"

"లేదురా" అన్నాడు. "మనసులో ఆ మీటలు ఎన్నిసార్లు దించి చూసుకున్నా, ఆ రోజు నా చేతిలో ఉన్నది కసే. ఆయన ఎదుటికి అది పట్టుకుని ఎలా వెళ్ళను?"

కడుక్కుని వెళ్ళొచ్చు కదా అని చెప్పాలి నేను. ఏ చర్చిలోనైనా చెప్పే మాటే అది. నా నోట రాలేదు. నేను చెప్తే ఆయనకి ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు.

పోయిన శనివారం వాళ్ళింట్లో భోజనం చేశాను. ముగ్గురం కూర్చున్నాం, అక్క వడ్డించింది. ఇదివరకు తినే ముందు బావే ప్రార్థన చేసేవాడు, నాలుగు మాటల్లో. ఇప్పుడు అక్క చేస్తుంది. అన్నం కోసం, ఆరోగ్యం కోసం, ఇంటికొచ్చిన తమ్ముడి కోసం స్తోత్రం చెప్పి ఆగింది, ఆమెన్ అనాల్సిన చోట. బావ పళ్ళెం వైపు చూస్తూ కూర్చున్నాడు. నేనూ అనలేదు. అక్క ఇంకొంచెంసేపు చూసి, తనే ఆమెన్ అని, కూర గిన్నె ఆయన వైపు జరిపింది.